ముంజులంక వారి కొరమీను వేట

తెలివి గురించి మాట్లాడాలంటే ముందు ముంజులంక గవర్రాజు గారి అరుగు దగ్గర చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని మాట్లాడాలి. ఇది నా మాట కాదు, గవర్రాజు మాటే. ఊళ్ళో ఉన్న తెలివంతా ఓ బస్తాలో పోసి మూడు వాటాలేస్తే మూడు వాటాలూ మా ఇంటికే వస్తాయి, బస్తా కూడా మాదే అంటాడు.

ఆ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు గవర్రాజు, మనిషి గాదెలా ఉంటాడు. నడిమివాడు అబ్బులు, అన్న ఏమన్నా తలాడిస్తాడు, అన్న నిద్రపోతున్నప్పుడు కూడా ఆడిస్తాడు. చిన్నవాడు బుల్లియ్య. వాళ్ళమ్మ నరసాయమ్మ. ఈ ముగ్గురికీ ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని ఎవరైనా అడిగితే ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని సిగ్గుపడుతుంది. పెద్దవాళ్ళిద్దరికీ పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు అరుగెక్కి, కాసేపు మాట్లాడి, మంచినీళ్ళు కూడా తాగకుండా దిగిపోయారు. కాబట్టి ఇల్లంతా ఇప్పుడు బుల్లియ్య మీదే ఆశ పెట్టుకుంది.

వాళ్ళ తెలివి మీకు అర్థం కావాలంటే ఒక్క ముక్క చెబుతాను. ఆ మధ్య వాళ్ళ గోడ గడియారం పదిన్నర దగ్గర ఆగిపోయింది. ఆ ఇంట్లో పన్నెండు కొడితేనే భోజనం. అంతే, నలుగురూ పీటలేసుకుని ఖాళీ కంచాల వంక చూస్తూ కూర్చున్నారు. పక్కింటావిడ వచ్చి దీపాలు పెట్టే వేళయింది కదమ్మా అంటే, మాకింకా పదిన్నరే, ఇవాళ ఎండే తొందరపడి పోయింది అంది నరసాయమ్మ.

అలాంటి ఇంటికి రేవుపాలెం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ధర్మయ్యది కాలవగట్టు మీద ఇల్లు. గాలం వెయ్యడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు, ఒక్క కూతురు తప్ప. ఆయన ఇంట్లో దేవుడి పటాలకన్నా గాలంకర్రలే ఎక్కువ వేలాడుతుంటాయి. ఓ రేకు డబ్బా నిండా రబ్బరు కప్పలు, తళతళలాడే రేకు చేపలు, కోడి ఈకలు కట్టిన గాలాలు. ఎవరింటికైనా చుట్టాలొస్తే ఆల్బం చూపిస్తారు. ధర్మయ్య ఆ డబ్బా చూపిస్తాడు.

పెళ్ళిచూపులనాడు ఆ కూతురు పల్లాలమ్మ కాఫీ తెచ్చి బుల్లియ్య చేతికిచ్చింది. వాడు ఆ పిల్ల మొహంలోకి చూస్తూ గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని తాగాడు. చొక్కా తడిసింది గానీ వాడికి తెలియలేదు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే బతుకంతా అన్నల మొహాలు చూస్తూ గడిపెయ్యాలి అనుకున్నాడు. ఆ రెండో సంగతి తలుచుకుంటే వాడికి నిజంగా ఏడుపొచ్చింది.

ధర్మయ్య మాత్రం గ్లాసు సంగతి చూడనట్టే ఉండి తన మాట చెప్పాడు. "మీ పొలం ఎంతో, మీ పశువులెన్నో నేనడగను గవర్రాజుగారూ. గాలం పట్టుకుని నీళ్ళ పక్కన ఓపిగ్గా కూర్చోగలిగినవాడే పెళ్ళాంతో కూడా ఓపిగ్గా ఉంటాడు. మూఢం వచ్చేలోపు అబ్బాయి తన గాలంతో కొరమీనుని పట్టి, ప్రాణంతో తెచ్చి నా గుమ్మంలో పెట్టాలి. తేలేదా, ఏటవతల వాళ్ళ సంబంధం చేసేసుకుంటాను."

బుల్లియ్య బిక్కమొహం వేసుకుని అన్నల వంక చూశాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక కంచంలో తప్ప చేపని చూడలేదు. ధర్మయ్యకి జాలేసి, గాలం వెయ్యడం ఎలాగో కూర్చోబెట్టి చెప్పాడు. పరిగెలకి వానపాము, బొచ్చెకి తౌడుముద్ద, కొరమీనుకి కప్ప. వానపాములు ఎప్పుడూ తడిగా ఉండే చోట తవ్వితే దొరుకుతాయి. ఎర ప్రాణం ఉన్నదానిలా కదులుతూ ఉండాలి. ఎర ఎంత పెద్దదైతే చేప అంత పెద్దది. మన నీడ నీళ్ళ మీద పడకూడదు, నోట్లోంచి చప్పుడు రాకూడదు, బెండు మునగ్గానే లాగాలి. ఇంత చెప్పి డబ్బాలోంచి ఓ ఆకుపచ్చ రబ్బరు కప్పని తీసి బహుమానంగా చేతిలో పెట్టాడు. పాపం, మంచి మనిషి. ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకి తెలియదు.

దారిలో గవర్రాజు తమ్ముణ్ణి కంగారుపడొద్దన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు, చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మనల్ని మించినవాడు ఈ భూమ్మీద లేడు అన్నాడు. అది మాత్రం నిజం.

తెల్లారగానే వానపాముల కోసం బయల్దేరారు. ఎప్పుడూ తడిగా ఉండే చోటంటే వంటింటి గోడ వారన, నరసాయమ్మ అంట్లు తోమే చోటే. పలుగూ పారా తీసుకుని అక్కడే మొదలుపెట్టారు. నాలుగు వానపాములు కనిపించాయి, అన్నదమ్ములకి హుషారొచ్చింది. అవి గోడ కిందకి దూరితే వీళ్ళూ గోడ కిందకి తవ్వారు. అబ్బులు, గోడ ఊగుతోందన్నయ్యా అన్నాడు. ఊగనీరా, కదులుతూ ఉండాలని ఆయనే చెప్పాడుగా అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, గోడ ధబ్బున కూలి వానపాముల మీదే పడింది. లోపల పులుసు కలుపుతున్న నరసాయమ్మ గరిటె పట్టుకుని అలాగే వీధిలోకి కనిపించింది. ఆవిడ ఏమాత్రం కోప్పడలేదు. పొగ పోవడానికి దారి లేక ఇన్నాళ్ళూ కళ్ళు మండిపోయేవి, నా కొడుకులు తెలివైనవాళ్ళు అంది.

వానపాములు పోతే పోయాయి, కప్ప ఉంది కదా. ఆ రబ్బరు కప్పని పీట మీద కూర్చోబెట్టి నలుగురూ చుట్టూ చేరారు. ఎర ప్రాణం ఉన్నదానిలా కదలాలి. ఇది కదలడం లేదు. తిండి లేక నీరసపడి ఉంటుందని అబ్బులు దొడ్లో దోమలూ ఈగలూ పట్టుకొచ్చి దాని ముందు పోశాడు. ముట్టలేదు. కొత్త చోటు కదా మొహమాటపడుతోందేమోనని నలుగురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. అయినా ముట్టలేదు. ఒళ్ళు చల్లగా ఉంది, రంగు చూస్తే ఆకుపచ్చగా ఉంది, ఇది కామెర్ల కన్నా పెద్ద జబ్బే అని తేల్చింది నరసాయమ్మ. మిరియాల కషాయం కాచి దాని నోట్లో పోసింది. కషాయం లోపలికి పోకుండా ఆవిడ ఒళ్ళోకే కారింది. ఆ రాత్రి కప్పకి దుప్పటి కప్పారు. పొద్దున్న లేచి చూస్తే కప్ప లేదు. ఎలకెత్తుకుపోయింది. వీళ్ళు మాత్రం, కషాయం పనిచేసింది, లేచి నడిచి ఊరెళ్ళిపోయింది అని సంతోషించారు.

బుల్లియ్య ఒక్కడే సంతోషించలేదు. ఎర పోయింది, మూఢం ముంచుకొస్తోంది, పల్లాలమ్మ చేతి కాఫీ ఏటవతలి వాడెవడో నోటితోనే తాగేస్తాడు. అన్నయ్యా, ఇంట్లో కూర్చుంటే పని కాదు, కాలవకి పోదాం పద అన్నాడు.

కాలవ దగ్గర ముందు నీడతో పేచీ వచ్చింది. ఎక్కడ కూర్చున్నా నీడ నీళ్ళ మీదే పడుతోంది. గొడుగు వేస్తే ఇంకా పెద్ద నీడ పడింది. పొమ్మంటే పోలేదు. చివరికి గవర్రాజే ఉపాయం కనిపెట్టాడు. బుల్లియ్యకీ నీళ్ళకీ మధ్య అబ్బుల్ని అడ్డంగా పడుకోమన్నాడు. బుల్లియ్య నీడ అబ్బులు మీద పడుతుంది, అది జారి నీళ్ళలోకి పోకుండా అబ్బులు రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. అంతే, అబ్బులు గట్టు మీద వెల్లకిలా పడుకుని తమ్ముడి నీడని పొట్టకి అదిమిపట్టుకున్నాడు. ఎండ పెరిగేకొద్దీ నీడ చిన్నదైపోతుంటే, జారిపోతోందన్నయ్యా అని చేత్తో సైగ చేశాడు, చప్పుడు చెయ్యకూడదుగా మరి.

తర్వాత బెండు. నీళ్ళ మీద తేలే ఆ బెండు ముక్క మునగ్గానే లాగాలని కదా ధర్మయ్య చెప్పింది. ఇది మునగడం లేదు. గాలానికి ఎర పెట్టలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. బెండే మొండికేసిందనుకుని గవర్రాజు దానికి పిడికెడు సీసం కట్టాడు. బుడుంగుమని మునిగింది. లాగారు. వేశారు, మునిగింది, లాగారు. మధ్యాహ్నం దాకా మునిగినప్పుడల్లా లాగారు. చేతులు పుళ్ళు పడ్డాయి గానీ, పని మాత్రం చెప్పినట్టే జరుగుతోందని గవర్రాజు మీసం దువ్వుకున్నాడు.

నరసాయమ్మ అన్నం మూట తీసుకొచ్చి, ఎరేదిరా అంది. అన్నదమ్ములు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంత తెలివైన ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఎర ఎంత పెద్దదైతే చేప అంత పెద్దది. కాబట్టి ముందు పెరట్లోని గుమ్మడికాయ తెచ్చి కట్టి కాలవలోకి విసిరారు. ఆ నీళ్ళు ఎగిరి నీడ కాస్తున్న అబ్బులు మీద పడ్డాయి. గుమ్మడికాయ తేలుకుంటూ గాలంకర్రని కూడా వెంటబెట్టుకుని దిగువ ఊరికి వెళ్ళిపోయింది. పోనీ గేదెదూడని కడదామంటే నరసాయమ్మ ఒప్పుకోలేదు, దానికి జలుబు చేస్తుందంది. అప్పుడు గవర్రాజు వేళ్ళు మడిచి లెక్క తేల్చాడు. ఎర పెద్దదై ఉండాలి, ప్రాణం ఉండాలి, కదులుతూ ఉండాలి. ఈ మూడూ ఉన్నది మన ఇంట్లో ఎవరు?

నలుగురూ ఆలోచించారు. తర్వాత ముగ్గురు గవర్రాజు వైపు చూశారు. గవర్రాజు కూడా గవర్రాజు వైపే చూసుకున్నాడు.

నవ్వకండి. తమ్ముడి పెళ్ళి కోసం ఎర కావడానికి ఒప్పుకునే అన్నలు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పండి ముందు. గవర్రాజు మారుమాట లేకుండా చొక్కా విప్పి అమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. బావి చేదతాడు తెచ్చి, దాని చివర ఇంకో గాలం కట్టి, ఆ గాలాన్ని గవర్రాజు పంచె వెనక గుచ్చారు. బెండు ఎక్కడ కడదాం అని అబ్బులు చేతులతో అడిగాడు. నా తలే బెండు, మునిగితే లాగండి అని చెప్పి ఆయన కాలవలోకి దిగాడు.

నీళ్ళలో తూడు మొక్కలు దట్టంగా పెరిగినచోట ఓ కొరమీను హాయిగా కాపురం ఉంటోంది. పిలవని పేరంటానికొచ్చి దబదబా కాళ్ళు కొట్టుకుంటున్న ఈ గాదెని చూసేసరికి దానికి ఒళ్ళు మండింది. వచ్చి గవర్రాజు పిరుదు పట్టుకుని కరిచింది. గవర్రాజుకి ప్రాణం పోయినంత పనయింది. కానీ చప్పుడు చెయ్యకూడదు. అరవలేక, ఆపుకోలేక, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఈత కొట్టాల్సిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటే ఇంకేముంది, తల మునిగింది.

బెండు మునగ్గానే లాగమన్నారుగా, బుల్లియ్య లాగాడు. అబ్బులు నీడని వదిలేసి లాగాడు, నరసాయమ్మ అబ్బుల్ని పట్టుకుని లాగింది. గవర్రాజు గట్టు మీదకి వచ్చి పడ్డాడు. తడిసిన పంచె మడతల్లో చిక్కుకుని, చెయ్యంత పొడుగు కొరమీను టపటపా కొట్టుకుంటోంది. బుల్లియ్య దాన్ని చూసి ఏడ్చేశాడు. వాడి బతుకులో వాడు చేసిన పని అనుకున్నట్టు జరగడం అదే మొదలు.

వెంటనే చేపని బిందెడు నీళ్ళలో వేసి రేవుపాలెం బాట పట్టారు. కొరమీను జాతికో అలవాటుంది, నీళ్ళలో ఉన్నా అప్పుడప్పుడు పైకొచ్చి నోరు తెరిచి గాలి పీల్చుకుని పోతుంది. మనకి తెలుసు. వాళ్ళకి తెలియదు. అబ్బులు బిందెలోకి తొంగిచూసి కెవ్వుమన్నాడు. నీళ్ళలో ఊపిరాడక చేప పైకీ కిందకీ కొట్టుకుంటోంది, మునిగి చచ్చిపోతోంది అన్నాడు. చచ్చిపోతే పెళ్ళి పోయినట్టే. ముగ్గురూ కంగారుగా బిందె వంచి నీళ్ళన్నీ పారబోశారు. తడిగుడ్డ చుట్టి, ఎండ తగలకుండా గొడుగు పట్టి, నరసాయమ్మ కొంగుతో విసురుతుంటే నడిచారు. కాస్త తడి తగిలితే గట్టు మీద కూడా బతికే మొండి ఘటం కాబట్టి సరిపోయింది. వేరే చేపయితే దారిలోనే దాని దినం పెట్టాల్సొచ్చేది.

ధర్మయ్య గుడ్డ విప్పి చూశాడు. కొరమీను మిడిగుడ్లేసుకుని ఆయన్ని చూసింది. ప్రాణంతో ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. తలుపు వెనకాల గాజులు గలగలమన్నాయి. తాంబూలాలు తెమ్మని లోపలికి కేకేసి, ఆయన బుల్లియ్య భుజం మీద చెయ్యేశాడు. "నా పరువు నిలబెట్టావయ్యా బాబూ. ఇంత చేపని ఎలా పట్టావో ఓసారి చూపించు."

అలాగేనండి మావయ్యగారూ అని బుల్లియ్య చేపని రెండు చేతులా ఎత్తుకున్నాడు. రేవు మెట్లు దిగి, మెల్లిగా కాలవలో వదిలేశాడు. కొరమీను వెనక్కి కూడా చూడలేదు.

ధర్మయ్య మెట్ల దాకా పరిగెత్తి, ఏం పనయ్యా ఇది అన్నాడు. చేప చేతిలో ఉండగా పట్టడం ఎలా చూపిస్తారండీ, ముందు అది నీళ్ళలో ఉండాలి కదా అన్నాడు బుల్లియ్య. మరే అని అబ్బులు తలాడించాడు. గవర్రాజు అప్పటికే చొక్కా విప్పేసి, ఈసారి రెండోవైపు కరిస్తే బాగుండునని కుంటుకుంటూ నీళ్ళలోకి దిగుతున్నాడు.

ధర్మయ్య తల పట్టుకున్నాడు. ఈ సంబంధం వద్దు, వీళ్ళకి పిల్లనిస్తే కాలవలో వదిలిపెట్టినట్టే అన్నాడు. బుల్లియ్యకి తను చేసిన తప్పేమిటో అప్పటికీ తెలియలేదు. చూపించమన్నారు, చేశాడు. కళ్ళనిండా నీళ్ళతో ఒట్టి చేతుల్ని చూసుకుంటూ మెట్టు మీద నిలబడిపోయాడు.

అప్పుడు పల్లాలమ్మ తలుపు వెనకనుంచి వచ్చింది. నవ్వి నవ్వి ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "నాన్నా, నువ్వు పట్టిన చేపల గురించి చెప్పేటప్పుడు జానెడు చేప మూరెడవుతుంది. ఈయనకి అంతంత గొప్పలు రావు. అడిగితే చేతిలో ఉన్నది కూడా వదిలేశాడు. నాకీయనే కావాలి" అంది. ధర్మయ్య జానెడు చేప సంగతి నలుగురిలో వద్దులేమ్మా అని దగ్గాడు.

ఆ పిల్ల గోడకున్న గాలంకర్ర తీసుకుని మెట్ల మీదకి దిగి, బుల్లియ్య చేతికి కూడా ఓ కర్ర ఇచ్చింది. "మీరిక్కడ కూర్చోండి. నేను చెప్పేదాకా కదలకండి" అంది. వాడు కూర్చున్నాడు. పల్లాలమ్మ నాన్న డబ్బాలోని ఇంకో రబ్బరు కప్పని తూడు అవతలకి విసిరింది. ఓ గెంతు గెంతించింది, ఆపింది. మళ్ళీ గెంతించింది, మళ్ళీ ఆపింది. నిజం కప్ప ఆకు మీంచి ఆకు మీదకి పోతున్నట్టే ఉంది. తూడు కింద నీళ్ళు భళ్ళుమన్నాయి. ఆ పిల్ల తొందరపడలేదు. చేప కప్పని నోట్లోకి సర్దుకోనిచ్చి, అప్పుడు కర్ర ఎత్తింది. అదే కొరమీను. ఒకే రోజు రెండుసార్లు పెళ్ళికి పనికొచ్చినందుకు దాని మొహంలో చాలా విసుగుంది.

ఇక ధర్మయ్య కాదనలేకపోయాడు. పల్లాలమ్మ సిగ్గుపడి చేపతో సహా లోపలికి పరిగెత్తింది. పంతులుగారొచ్చారు, మూఢానికి ముందే ముహూర్తం కుదిరింది. గవర్రాజు కూర్చోలేక నిలబడే తాంబూలాలు అందుకున్నాడు. కొరమీను పులుసుతో భోజనాలయ్యాయి, నరసాయమ్మ మూడుసార్లు వడ్డించుకుంది. చేతులు కడుక్కున్నాక, బుల్లియ్యేడని ఎవరికో గుర్తొచ్చింది.

బుల్లియ్య రేవు మెట్టు మీదే ఉన్నాడు. కర్ర పట్టుకుని, బిగదీసుకుని కూర్చున్నాడు. ముక్కు మీద ఈగ వాలితే కూడా తోలుకోలేదు. లేవరా అంటే కళ్ళు మాత్రం తిప్పి, ఆవిడ చెప్పలేదు అన్నాడు.

సరే, పిల్లని పిలిచి ఓ మాట చెప్పించండి అన్నారు పంతులుగారు. ధర్మయ్య నాలిక కరుచుకున్నాడు. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళిదాకా పిల్ల పిల్లాడితో పలకకూడదని వాళ్ళింటి ఆనవాయితీ. తాతలనాటి నుంచి తప్పలేదు. లోపల్నుంచి గాజుల చప్పుడూ నవ్వూ వినబడుతున్నాయి గానీ మాట మాత్రం రాలేదు. ధర్మయ్య గుమ్మానికీ రేవుకీ మధ్య అటూ ఇటూ తిరిగాడు.

గవర్రాజు ఒక్కడే నింపాదిగా మీసం దువ్వాడు. "దీనికింత గాభరా దేనికండీ? పెళ్ళినాడు ఎలాగూ పీటల మీద కూర్చోవాల్సినవాడే. ఇప్పుడు కూర్చునే ఉన్నాడు. లేపి మళ్ళీ కూర్చోబెట్టడం తెలివైనవాళ్ళు చేసే పనేనా?"

అవును సుమా అని అబ్బులు తలాడించాడు. అంతే, అన్నలిద్దరూ చెరోవైపు చెయ్యేసి, పెళ్ళికొడుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, చేతిలో గాలంకర్రతో సహా ఎత్తుకుని, ముహూర్తందాకా దించేది లేదంటూ ముంజులంక బయల్దేరారు.